కలిసొచ్చిన కంప్యూటర్

మా మిల్లు కాంటా గదిలో ఉన్న కంప్యూటర్‌ను కొన్నప్పుడు మా పెద్దమ్మాయి అంగన్‌వాడీకి పోతుండేది. ఇప్పుడు ఆమె కూతురు పోతోంది. అమ్మినతను దాన్ని బల్ల మీద పెట్టి, ప్లాస్టిక్ కవర్లు విప్పుతూ, "ఐదేండ్లు ఢోకా లేదు సార్, ఆ తర్వాత మీ అదృష్టం" అన్నాడు. ఆ చివరి మాట నవ్వులాటకే అన్నాడనుకున్నాను. మా సేటు మాత్రం దాన్ని గట్టిగా మనసులో పెట్టుకున్నాడు.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో కాంటా చూస్తాను. వడ్ల ట్రాక్టరు ఇనుప కాంటా మీదికి ఎక్కగానే దాని బరువు కంప్యూటర్లోకి తీసుకొని, చీటీ కొట్టి రైతు చేతిలో పెట్టడం నా పని. నాకు వచ్చిన విద్య ఇదొక్కటే. కోపం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది, అది ముక్కు మీదే ఉంటుందని మిల్లులో అందరికీ తెలుసు. ఆ కోపంలో సగం ఆ కంప్యూటర్ మూలంగా వచ్చిందేనని ఎవరికీ తెలియదు.

అది వచ్చిన ఏడాదే సేటుకు కోర్టులో నానుతున్న స్థలం తగాదా తెగింది. మరుసటేడు రెండో బాయిలర్ దిగింది. ఇంకేం, కంప్యూటర్ కలిసొచ్చిందన్నాడు. లాయరుకూ, బ్యాంకువాళ్లకూ దక్కాల్సిన పేరంతా దాని ఖాతాలో పడింది. అప్పటినుంచి దసరాకు మిషన్లకు బొట్లు పెట్టేటప్పుడు మొదటి బొట్టు దానికే. వాస్తు చూసే ఆయన వచ్చి, కాంటా చూసే మనిషి తూర్పు ముఖంగా కూర్చుంటే ఇంకా కలిసొస్తుందన్నాడు. నన్ను తూర్పుకు తిప్పారు. దానితో కంప్యూటర్ వీపు డ్రయర్ వైపు వచ్చింది. మిల్లులో గాలి అంటేనే ఊక దుమ్ము. ఆ దుమ్మంతా తిన్నగా దాని ఫ్యానులోకి పోయేది. ఆదివారం వచ్చిందంటే డబ్బా విప్పి, గాలి కొట్టి, తవుడు లాంటి దుమ్మును పిడికిళ్లతో తీసి పారబోసేవాణ్ణి. వాస్తు ఆయన్ను ఒక్క ఆదివారం పిలిపించి ఆ పని చేయించాలని నాకు బలంగా ఉండేది.

కీబోర్డులు ఎన్ని మారాయో గుర్తులేదు. మానిటర్ మారింది, లోపల కరెంటు ఇచ్చే డబ్బా మారింది, డిస్కు మారింది. మదర్‌బోర్డు మాత్రం మొదటిదే. "మన పాత కంప్యూటర్ చూడు, ఎంత గట్టిదో" అని సేటు చుట్టాలకు చూపించేవాడు. నేను నోరు మూసుకునేవాణ్ణి.

ఇన్నేళ్లు దానితో కాపురం చేసి నేను తెలుసుకున్నది ఒకటుంది. ఫ్యాను వైండింగ్ కాలితే పోతుంది. సైకిలు ఫోర్కు విరిగితే పోతుంది. కంప్యూటర్ అలా పోదు. తన బల్ల మీద తను బాగానే పని చేస్తుంటుంది. బయట దానికి కావలసినవే ఒక్కొక్కటిగా మాయమవుతుంటాయి. మా కాంటా సాఫ్ట్‌వేర్ రాసిచ్చినతను హైదరాబాద్‌లో ఎప్పుడో ఆఫీసు ఎత్తేశాడు, ఫోన్ చేస్తే ఎవరో పిండి గిర్నీ ఆయన ఎత్తుతాడు. ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవాలంటే అగ్గిపెట్టెంత తాళం ఒకటి కంప్యూటర్ వెనక ఉన్న వెడల్పాటి పోర్టుకు తగిలించాలి. ఇప్పటి కంప్యూటర్లకు ఆ పోర్టే ఉండదు. మధ్యలో వైరు పెట్టి కలిపే సామాను దొరుకుతుంది, దాంతో ప్రింటర్ నడుస్తుంది కానీ ఈ తాళాన్ని మాత్రం కంప్యూటర్ గుర్తుపట్టదు. నేను ప్రయత్నించాను.

ఒకసారి సేటు కొడుకు తెగించి కొత్త కంప్యూటర్, కొత్త సాఫ్ట్‌వేర్ కొనుక్కొచ్చాడు. నాకు పండగలా అనిపించింది. వేలు పెట్టేలోపే చీటీ వచ్చేది. వారం తిరగకముందే మిల్లులో బాయిలర్ పైపు పగిలి ఒక హమాలీకి చెయ్యి కాలింది. సేటు వచ్చి కొత్త కంప్యూటర్ వైపు చూసి, "ఇది మనకు కలిసి రాలే" అన్నాడు.

"పైపు పాతది సేటు. దీనికీ దానికీ ఏం సంబంధం?" అన్నాను.

"నీకు తెల్వది."

ఆ సాయంత్రమే కొత్తది ఇంటికి పోయింది, మనవరాలు ఆటలు ఆడుకుంటోంది. పాతది అటక మీది నుంచి దిగింది. దానికి కొబ్బరికాయ కొట్టారు. కాలిన చేతికి దవాఖానలో కట్టు కట్టించుకొని హమాలీ కూడా వచ్చి ప్రసాదం తిన్నాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టు నేను నిలబడి చూశాను. అంతకన్నా చేయగలిగింది ఏమీ లేదు.

మొన్నటి వానాకాలం పంట కోతకొచ్చిన రోజుల్లో జరిగిన సంగతి చెబుతాను.

మా వైపు ఇప్పుడు ఎవరూ వడ్లు ఆరబెట్టి మిల్లుకు తేవడం లేదు. మిషన్ కోసి ట్రాలీలో పోయగానే పచ్చి వడ్లే తోలుకొస్తారు. మిల్లుల ముందు ట్రాక్టర్ల లైను రోడ్డు పొడవునా ఉంటుంది. పచ్చి వడ్లు కుప్పగా ఉంటే లోపల వేడెక్కుతాయి. ఒక పూట ఫరవాలేదు. ఒక రాత్రి దేవుడికి మొక్కుకుంటూ ఓర్చుకోవచ్చు. కుప్ప మీద టార్పాలిన్ పట్టా కప్పి ఇంకో రోజు ఉంచారంటే గింజ రంగు మారుతుంది, ముక్కిన వాసన వస్తుంది. ఆ వడ్లను ఏ మిల్లూ ముట్టదు.

మా చెల్లెది గరిడేపల్లి దగ్గర ఒక పల్లె. ఆమె భర్త దామరచర్లలో కరెంటు ప్లాంటు పనికి పోతాడు. వ్యవసాయమంతా ఆమెదే, అదీ కౌలు పొలం. ఆ పంట అమ్ముడుపోగానే కౌలు చేతిలో పెడితేనే పొలం వచ్చే పంటకూ ఆమెకు ఉంటుంది, లేకపోతే వేరేవాళ్లకు ఇస్తానని యజమాని ముందే చెప్పాడు. అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆమె పండించినదంతా ఒక ట్రాలీకి సరిపోయింది.

"ఎప్పుడు తెమ్మంటవన్నా? లైను ఎప్పుడు తక్కువుంటది?" అని ఫోన్ చేసింది.

"రేపు పొద్దుగాల తే. నేనుంట గద" అన్నాను.

తెల్లారేసరికి వచ్చింది. ట్రాక్టరు కిరాయిది, నడిపేవాడు కిరాయి మనిషి, తను మాత్రం వడ్ల మీద పట్టా పరుచుకొని కూర్చొని వచ్చింది. ఆమెకు ముందు కొన్ని ట్రాలీలే ఉన్నాయి. ఆకాశం మబ్బు పట్టి ఉంది. టీవీలో తుఫాను అంటున్నారు. అయినా నాకు దిగులు లేదు, పొద్దెక్కేసరికి ఆమె వడ్లు మిల్లు లోపల ఉంటాయనుకున్నాను. మొదటి ట్రాలీ కాంటా ఎక్కింది. అప్పుడు డబ్బా లోపల ఎవరో చిన్నగా దగ్గినట్టు చప్పుడైంది. తెర నల్లబడింది. కాలిన వాసన వచ్చింది.

తెలిసిన వైద్యాలన్నీ చేశాను. వైర్లు పీకి పెట్టాను. ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. డబ్బా మీద చరిచాను కూడా. రిపేరు చేసే అతన్ని ఊళ్లోంచి పిలిపించాను. అతను మూత తీసి, ఒక్క చూపు చూసి, మళ్లీ మూత పెట్టాడు.

"బోర్డు ఖతం. సూడు, కెపాసిటర్లు ఎట్ల ఉబ్బినయో. ఇసోంటి బోర్డు మిర్యాలగూడల దొరకది. కోదాడల బస్టాండ్ కాడ ఒకాయన పాత సామాను పెడ్తడు, అడుగు."

ఇంట్లో ఉన్న ఆ కొత్త కంప్యూటర్ తెప్పించమని సేటును అడిగాను. తెప్పించినా అందులో కాంటా సాఫ్ట్‌వేర్ లేదు, ఆటల కోసం ఎప్పుడో తీసేశారు. మళ్లీ ఎక్కించడానికి ఆ కొత్త సాఫ్ట్‌వేర్ అమ్మినతనికి ఫోన్ చేస్తే, "సీజన్ కదా సార్, నాలుగు రోజులైతది" అన్నాడు.

ఇంత జరిగినా కాంటా మాత్రం బాగానే ఉంది. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. గది కిటికీలో ఉన్న మీటరు మీద బరువు ఎర్రటి అంకెల్లో, లైనులో నిలబడ్డవాళ్లకు కూడా కనిపించేంత పెద్దగా వెలుగుతోంది. చూసి చీటీ మీద రాసిస్తే అయిపోయే పని. అదే చెప్పాను. రైతులు ఒక్కసారిగా లొల్లి పెట్టారు.

"రాసిచ్చే చీటీ వద్దు. కంప్యూటర్ చీటీ ఉంటెనే దించుతం."

వాళ్ల తప్పు లేదు. ఒకప్పుడు చేతి చీటీల కాలంలో మోసాలు జరిగాయి. రైతులు రోడ్డు మీద బైఠాయించి, కంప్యూటర్ చీటీ లేకుండా ఏ మిల్లులోనూ కాంటా పెట్టకూడదని పెద్దమనుషుల ముందు ఒప్పించుకున్నారు. ఆ కట్టుబాటు ఇప్పటికీ నడుస్తోంది. కళ్ల ముందు వెలిగే అంకెను నమ్మరు, అదే అంకె ప్రింటర్లోంచి కాగితం మీద పడితే నమ్ముతారు.

చెల్లెను పక్కకు పిలిచాను.

"నీ ఒక్క ట్రాలీ చేతి చీటీతోని దించుకుంటరు. సేటును నేను ఒప్పిస్త. లోపలికి తోలు."

"వద్దన్నా."

"ఏం వద్దు? మొగులు సూస్తున్నవా లేదా?"

"గీళ్లందరు లైన్ల ఉన్నరు. అన్న కాంటా కాడ ఉన్నడని చెల్లె దొంగ కాంటా పెట్టిచ్చుకున్నదంటరు. రేపు ఊర్లె నేను తలెత్తుకొని తిరగాలె గద. అందరితోనే దించుత."

"నీతి తిని బతుకుతవా?" అన్నాను. నా కోపం అట్లాంటిది.

ఆమె మబ్బుల వైపు చూసి, "పోనీ వేరే మిల్లుకు తోలుకపోనా?" అంది.

"గాడ కూడ లైనే. మల్ల అందరి ఎనకకు పోతవ్. కదలకు. మధ్యాహ్నం వరకు బోర్డు పట్టుకొస్త."

కదలవద్దన్నది నేనే. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది.

పాడైన డబ్బాను యూరియా సంచిలో చుట్టి, బండి వెనక తాడుతో కట్టి కోదాడ దారి పట్టాను. దారి పొడవునా మిషన్లు పొలాల్లో ఆగకుండా కోస్తున్నాయి, తుఫాను వార్త అందరికీ అందినట్టుంది. కోసినవన్నీ మా మిల్లుల వైపే వస్తాయి. ఎదురొచ్చే ప్రతి ట్రాలీని లెక్కపెట్టుకుంటూ పోయాను.

కోదాడ బస్టాండ్ దగ్గరి షాపు ఆయన మంచివాడే. కోదాడ దాటితే ఆంధ్ర, ఆయన మాట కూడా సగం అటే ఉంటుంది. డబ్బా విప్పి, ఊకను ఊది, కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఏవండీ, దీన్ని ఇంకా నడుపుతున్నారా? ఇది వచ్చినప్పుడు నాకు పెళ్లి కూడా కాలేదండి."

"నడవాలండి. ఇయ్యాలే నడవాలె."

ఆయన వెనక గదిలోకి తీసుకుపోయాడు. నేల నుంచి పైకప్పు దాకా పాత కంప్యూటర్లు. బళ్లవి, కాలేజీలవి, బ్యాంకులవి. ఒకప్పుడు ఏసీ గదుల్లో చెప్పులు విడిచి లోపలికి పోయి చూసినవి, ఇప్పుడు వాటిని కిలోల లెక్కన తూకం వేసి అమ్ముతారట. తూకం వేసి బతికే మనిషిని, ఆ మాటకు నాకు నవ్వు రావలసింది, రాలేదు. ఇద్దరం కూర్చొని ఒక్కొక్క డబ్బా వెనక్కు తిప్పి చూశాం. కొన్నింటికి ఆ వెడల్పు పోర్టు లేదు. పోర్టు ఉన్న వాటిలో ప్రాణం లేదు. చివరికి ఆయన మా బోర్డుకే ఉబ్బిన కెపాసిటర్లు తీసి వేరేవి అతికించాడు. మధ్యాహ్నం దాటిపోయింది. స్విచ్ వేస్తే తెర వెలిగింది, కంపెనీ బొమ్మ వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. అంతలోనే ఆరిపోయింది. మళ్లీ వెలగలేదు.

అప్పుడే చెల్లె ఫోన్.

"అన్నా, వడ్లల్ల చెయ్యి పెడితే గోరువెచ్చగున్నది."

"ఇంకో మిల్లుకు పో. ఇప్పుడే పో."

"ఎట్ల పోను? ముందు ట్రాక్టరే, ఎనక ట్రాక్టరే. సందు లేదు. పక్క మిల్లోళ్లు వానొస్తదని కాంటాలు బందు పెట్టిండ్రట. నువ్వెప్పుడొస్తవ్?"

వస్తున్నా అన్నాను. ఇంతకన్నా పెద్ద అబద్ధం నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

షాపు ఆయన నా ముఖం చూసి ఎవరెవరికో ఫోన్లు చేశాడు. సాయంత్రానికి ఒక ఆచూకీ దొరికింది. సూర్యాపేటలో ఒకప్పుడు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన మేడమ్ దగ్గర ఒకటి ఉందట, నడుస్తోందట, కానీ ఆమె ఊరెళ్లింది, పొద్దున వస్తుంది. ఆ రాత్రి కోదాడలోనే తెలిసినవాళ్లింట్లో పడుకున్నాను. పడుకున్నానంటే చాప మీద ఒరిగానంతే. వాన మొదలైంది. ప్రతి చినుకూ నాకు చెల్లె కప్పుకున్న పట్టా మీద పడుతున్నట్టే వినిపించింది.

తెల్లవారి సూర్యాపేటకు హైవే మీద తడుస్తూ పోయాను. మేడమ్ ఇల్లు మేడ మీద. ఒకప్పుడు ఆ మెట్ల కింద పిల్లల చెప్పులు కుప్పలుగా ఉండేవట, ఊళ్లో సగం మంది ఆమె దగ్గరే మౌస్ పట్టుకోవడం నేర్చుకున్నారట. ఇప్పుడు ఆ హాల్లో కుట్టు మిషన్లు ఉన్నాయి. ఒక మూలన, పూలగుడ్డ కప్పి, ఆ కంప్యూటర్.

గుడ్డ తీసి వెనక్కు తిప్పాను. వెడల్పు పోర్టు ఉంది. స్విచ్ వేస్తే లేచింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఆమె చూడకుండా అటు తిరిగాను.

"అన్ని అమ్మేసిన. ఇదొక్కటి మనసొప్పక ఉంచుకున్న" అందామె. "దీన్ల ఇప్పుడు ఏది ఎక్కదు. ఇంటర్నెట్ తెరవది. ఏం చేసుకుంట అని మా పిల్లలు లొల్లి పెడ్తరు. నెలకొక్కసారి స్విచ్చేసి, లేస్తున్నదా లేదా సూసి, బందు చేస్త."

చెల్లె సంగతి చెప్పాను. ఆమె కాసేపు కంప్యూటర్ మీద చెయ్యి పెట్టి నిలబడింది. తర్వాత తానే వైర్లు పీకింది.

"తీస్కపో బిడ్డా. ఎన్ని రోజులు నడుస్తదో మరి."

"ఈ ఒక్క రోజు నడిస్తె చాలమ్మా."

మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది.

"అన్నా, ఆవిరి లేస్తున్నది." అంది చెల్లె. "పట్టా తీస్తె తడుస్తయ్. కప్పితె ఉడుకుతున్నయ్. ఏం చెయ్యాల్నో చెప్పు."

ఏది చెప్పినా వడ్లు పోతాయి. చేత్తో తిరగేయమన్నాను. పారతో రాత్రి నుంచీ తిరగేస్తూనే ఉన్నానంది.

డబ్బాను రెండు సంచుల్లో చుట్టి, పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకొని, పొట్టతో అదిమి పట్టుకొని మిర్యాలగూడ వచ్చాను. గుంత వచ్చినప్పుడల్లా బండిని ఆపి, కాళ్లతో నెట్టుకుంటూ దాటించాను. చంటిపిల్లను కూడా నేను అట్లా తీసుకురాలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక దారంతా అందరినీ తిట్టాను. వాస్తు ఆయన్ను, సేటును, కట్టుబాటు పెట్టిన పెద్దమనుషులను, పోర్టు తీసేసిన కంపెనీవాళ్లను. ఎక్కువగా చెల్లెను తిట్టాను. నిన్న ఆ ట్రాలీ తోలి ఉంటే అయిపోయేది కదా అని. వానలో ఎవరికీ వినిపించలేదు.

మిల్లు దగ్గర లైను పలచబడింది. సందు దొరికినవాళ్లు దొరికినట్టు ఎటో పోయారు. వస్తున్నానన్న నా మాట నమ్మి కదలని చెల్లె ట్రాలీ ఇప్పుడు అందరికన్నా ముందుంది. ఆమె చీర కొంగు నడుముకు చుట్టుకొని, పార పట్టుకొని వడ్ల మీద నిలబడి ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపింది.

బండి వెనక కట్టి ఉన్న మా పాత డబ్బాను కూడా గదిలోకి తెచ్చి, దాని డిస్కు తీసి మేడమ్ డబ్బాకు తగిలించాను. ఒప్పుకోలేదు, తెరంతా నీలంగా మారి ఏదో తిట్టింది. మేడమ్ డిస్కు మళ్లీ పెట్టి, బీరువా అడుగున దాచుకున్న సాఫ్ట్‌వేర్ సీడీ తీశాను. సీడీ పెట్టే అర బయటికి రాలేదు, పిన్నీసు గుచ్చి లాగాను. ఎక్కడం మొదలైంది. తెర మీద గీత నెమ్మదిగా నిండుతోంది. తాళం ఒకసారి చేతిలోంచి జారి కింద పడింది. తగిలించాను. కాంటా వైరు పెట్టాను. చాలాసేపు తెర మీద సున్నాలు. తర్వాత అంకెలు కదిలాయి. బయట మీటరు మీద ఉన్న అంకే తెర మీద కూడా.

"వచ్చింది" అని అరిచాను.

సేటు పరుగెత్తుకొచ్చాడు. ముందు కర్పూరం, తర్వాత కొబ్బరికాయ. డబ్బా మీద నీళ్లు చల్లబోతే నేను అడ్డంగా వంగి నా వీపు పెట్టాను. కొబ్బరినీళ్లన్నీ నా చొక్కా మీద పడ్డాయి.

"నేను చెప్పలే?" అన్నాడు సేటు, కళ్లు మూసుకొని దండం పెట్టుకుంటూ. "ఇది మనల్ని ఇడిసిపెట్టదు."

మన పాతది ఇది కాదని, ఇది సూర్యాపేట నుంచి వచ్చిన ఇంకొకరి కంప్యూటరని చెప్పే ఓపిక నాకు లేదు.

చెల్లె ట్రాలీ కాంటా ఎక్కింది. బరువు పడింది. చీటీ వచ్చింది. లైనులో ఉన్న రైతులు కిటికీ దగ్గరికి వచ్చి చూసి తృప్తిగా తలలూపారు. వడ్లు చూసి ధర చెప్పే గుమస్తా ట్రాలీ ఎక్కి, మోచేతి దాకా వడ్లలోకి చెయ్యి దింపాడు. వెంటనే బయటికి తీశాడు. ఒక గుప్పెడు తీసుకొని వాసన చూశాడు. అరచేతిలో నలిపి పొట్టు ఊదాడు. గింజలు పసుపు రంగులో ఉన్నాయి.

సేటు దగ్గరికి వచ్చి అరచెయ్యి చూపించాడు.

"సేటు, మన కంప్యూటర్ చెయ్యబట్టి అయింది ఇది" అన్నాను. "మన గేటు ముందరే ఉన్నయ్ వడ్లు. దించుకోవాలె."

"నేను దించుకుంటనయ్యా. ఆ బియ్యం ఎవరు తీసుకుంటరు? నువ్వు తింటవా?" సేటు గొంతులో కోపం లేదు, అదే నన్ను ఇంకా నరికింది. "చెల్లెకు చెప్పు. దాణాకెవరన్న అడుగుతరేమో సూడుమను."

బతిమాలాను. చేతులు పట్టుకున్నాను. ఇన్నేళ్ల చాకిరీ గుర్తు చేశాను. సేటు తల అడ్డంగా ఊపుతూనే లోపలికి పోయాడు.

కాంటాకు ఒక పద్ధతి ఉంది. లోపలికి వచ్చిన ప్రతి బండీ బయటికి పోయేటప్పుడు మళ్లీ ఎక్కాలి. ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేది వడ్ల బరువు. దించినా దించకపోయినా రెండోసారి ఎక్కకపోతే కంప్యూటర్ ఆ బండి లెక్కను మూయదు, తర్వాతి బండిని తీసుకోదు. వెనక రైతులు హారన్లు కొడుతున్నారు. చెల్లె ట్రాలీని మళ్లీ కాంటా ఎక్కించక తప్పలేదు.

ఎక్కింది. నిండుగా వచ్చింది, నిండుగానే పోతోంది. కంప్యూటర్ ఒక బరువులోంచి ఇంకో బరువు తీసేసింది. ప్రింటర్ చప్పుడు చేస్తూ చీటీ కొట్టింది. బండి నంబరు, మా చెల్లె పేరు, ఊరు. వడ్ల బరువు: సున్నా.

తప్పేమీ లేదు. అంత కచ్చితమైన చీటీ ఆ సీజన్‌లో నేను ఇంకొకటి కొట్టలేదు.

చెల్లె కిటికీ దగ్గరికి వచ్చింది. చేతులు రెండూ ఎర్రగా పొంగి ఉన్నాయి, రాత్రంతా వేడి వడ్లు తిరగేసినందుకు. చీటీ కోసం చెయ్యి చాచింది. నేను ఇవ్వలేదు. కంప్యూటర్ వైపు చూసింది, దాని మీద కుంకుమ వైపు చూసింది. రెండు రోజులుగా నేను దాని కోసమే తిరిగానని ఆమెకు తెలుసు కదా, అందుకే అడిగింది, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"మంచిగైందా అన్నా, నీ కంప్యూటర్?"

"మంచిగైంది చెల్లె" అన్నాను.

ఆమె తలూపి, పోయి ట్రాక్టరు స్టార్ట్ చేయమని చెప్పింది.